బాట ఎవరు వేశారు?

బాలలూ! మీరు ధర్మవరం జంక్షనులో బెంగుళూరు వైపు పోయే రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. ప్రతి స్టేషనులోనూ ప్లాట్‌ఫారం చివర పసుపుపచ్చని పలక మీద ఊరిపేరు ఉంటుంది. పేరు కింద చిన్న అక్షరాలతో ఒక అంకె కూడా ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. ఆ స్టేషను సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో చెప్పే అంకె అది. ధర్మవరం 400 మీటర్ల లోపే. పెనుకొండ దాటి హిందూపురం చేరేసరికి అంకె 600 దాటుతుంది. అంటే కూర్చున్నచోటనుంచి కదలకుండా మీరు 200 మీటర్లకు పైగా ఎక్కారన్నమాట! రైలు గనక తెలియలేదు. సైకిలయితే పిక్కలకు తెలిసేది.

ఈ మూడు ఊళ్ళ నడుమ ఉన్న నేల చాలా వింత అయినది. రాక్షసపిల్లలు అచ్చనగాయలాడి వదిలివెళ్ళినట్టు, గుట్టల మీద ఏనుగంత గుండ్లు ఒకదాని మీద ఒకటి నిలిచి ఉంటవి. వాటిని ఎవరూ పేర్చలేదు. భూమిలో ఉన్న గ్రానైటు రాయికి పగుళ్ళు ఏర్పడినవి. పగుళ్ళ వెంట నీరు దిగి రాతి మూలలను అరగదీసింది. మెత్తబడిన భాగం వేలవేల ఏండ్ల వానలకు కొట్టుకుపోయి, గట్టి గుండ్లు మిగిలినవి. అలా అరిగి రాలిన పొడే ఇక్కడ కాళ్ళ కింద కరకరలాడే ఎర్రని గరుసు. ఈ గరుసును గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు తరవాత పని ఉన్నది.

మా మనుమడొకడు బెంగుళూరులో చదువుకుంటున్నాడు. వాడికి కొండసైకిలు ఒకటి ఉన్నది. దాని టైర్లు రెండంగుళాల పైన లావు. గేర్లు బోలెడు. ముందు చక్రం రాయి మీద పడితే అదురును మింగేసే గొట్టాలున్నవి. నా పాత సైకిలు దాని పక్కన నిలబెడితే ఎద్దు పక్కన మేకలా ఉంటుంది.

ఈ కొండసైకిళ్ళ పుట్టుక కూడా తమాషా అయినదే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన మెరీన్ అనే జిల్లా ఉన్నది. అక్కడి కుర్రవాళ్ళు కొందరు 1930 ప్రాంతాలనాటి బరువైన పాత సైకిళ్ళను చవకగా కొని, వాటిని కొండమీదికి చేర్చి, మట్టిబాట వెంట దిగేవాళ్ళు. 1976 అక్టోబరు 21 న వాళ్ళొక పందెం పెట్టుకున్నారు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉండేది. ఒక్కసారి దిగేసరికి లోపలి గ్రీజంతా కాలి పొగలు వచ్చేది. మళ్ళీ ఇరుసు విప్పి గ్రీజు కూరితే గాని రెండోసారికి పనికిరాదు. అందుకే ఆ బాటకు ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది. రీప్యాక్ అంటే మళ్ళీ కూరటం. మరుసటి సంవత్సరం వాళ్ళలో ఒకడైన జో బ్రీజ్ కొండకోసమే పనికివచ్చే సైకిలు తయారుచేశాడు. ఇరవై ఏళ్ళు తిరగకుండా, 1996 అట్లాంటా ఒలింపిక్సులో కొండసైకిలు పందెం చేరింది!

సరే, మన సంగతికి వద్దాం. పోయిన ఏడు మనుమడు సెలవులకు వచ్చి, “తాతా, పెనుకొండ వైపు మంచి కొండబాట ఒకటి వెతికాను, రేపు పోదాం,” అన్నాడు. సెల్‌ఫోనులో ఉపగ్రహం తీసిన బొమ్మ చూపించాడు. ఆకాశంలోంచి చూసినట్టు గుట్టలు, చేలు, చెరువులు అన్నీ కనిపిస్తున్నవి. ఒక గుట్ట శిఖరంనుంచి కిందికి తిన్నగా దిగే తెల్లని గీత మీద వేలుపెట్టి, “ఇదుగో బాట!” అన్నాడు.

ఆ గీతను చూడగానే నాకు ఒళ్ళు ఝల్లుమన్నది. ఎందుచేతనో చెబుతాను.

1988 లో నేను ధర్మవరానికి దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరిన ఉపాధ్యాయుణ్ణి. సంక్రాంతి తరవాత ఒక ఆదివారంనాడు పన్నెండు మంది పిల్లలను రైలులో పెనుకొండ తీసుకువెళ్ళాను. 1565 లో తళ్ళికోట యుద్ధం తరవాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు కదా! గగనమహలు చూశాం, కోటగోడలు చూశాం, చద్ది తిన్నాం. ఇంకా పొద్దున్నది. గంటకింత అని అద్దె సైకిళ్ళు తీసుకుని ఊరికి దూరంగా ఉన్న ఒక గుట్టకు బయలుదేరాం. వెనకవైపునుంచి బండిబాట ఉంటే సైకిళ్ళు నెట్టుకుంటూ పైకెక్కాం.

పైనుంచి చూస్తే, ముందువైపు తెల్లని బాట ఒకటి సూటిగా కిందికి దిగుతున్నది. సన్నని ఇసుక, నున్నగా, దువ్వినట్టు ఉన్నది. “వచ్చిన దోవకంటె ఇది దగ్గర, మంచిది కూడాను,” అన్నాను నేను. కింద గొర్రెల కాపరి ఒకడు కర్ర ఎత్తి ఊపుతూ ఏదో కేకవేశాడు. పలకరిస్తున్నాడు కాబోలు అనుకుని నేను కూడా చెయ్యి ఊపాను!

మొదటి వంద గజాలు హాయిగా దిగాం. అక్కడ బాట ఒక్కసారిగా తెగిపోయి ఉన్నది. మనిషి రొమ్ములోతు రాతిమెట్టు. ముందుపోయే పిల్లవాడు ఎనిమిదో తరగతివాడు. వాడు బ్రేకు బిగించాడు, చక్రం తిరగటం ఆగింది కాని, సైకిలు ఆగలేదు. ఇసుక మీద జారుకుంటూ పోయి మెట్టుకు అవతల పడ్డాడు. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది.

కాపరి పరుగెత్తుకుంటూ పైకి వచ్చాడు. పిల్లవాడి చేతికి తన తలగుడ్డ చింపి కర్రముక్కలతో కట్టు కట్టింది అతనే. తరవాత నావైపు చూసి, “ఇది దావ కాదు సామీ, నీళ్ళు పొయ్యే వంక. ఒక్క గొర్రె పెంటికన్నా ఉండాదా చూడు ఈడ!” అన్నాడు.

చూశాను. ఒక్కటి కూడా లేదు. పెంటిక లేదు, గిట్ట గుర్తు లేదు, చెప్పుల అచ్చు లేదు. బి.ఇడి. చదివిన నాకు కనిపించని సంగతి అది.

ఆ పిల్లవాడి తండ్రి పట్టుచీరలు నేసే మనిషి. ఆస్పత్రికి వచ్చి కొడుకు చేతిని చాలాసేపు చూశాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “ఈ చెయ్యి నాడె విసురుతుందా సారూ?” అని మాత్రం అడిగాడు. నాడె అంటే మగ్గంలో పడుగు మధ్యగా పేకదారాన్ని ఇటునుంచి అటు తీసుకుపోయేది. కుడి మణికట్టు సరిగా లేకపోతే ఆ పని సాగదు. ఆ ప్రశ్నకు నావద్ద జవాబు లేదు. జవాబు తెలియటానికి అయిదు నెలలు పట్టింది.

ఇప్పుడు తెలిసింది కదా, తెల్లని గీతను చూసి నేనెందుకు ఉలిక్కిపడ్డానో? ఆకాశంనుంచి చూసినా, గుట్ట మీదినుంచి చూసినా, మనిషి నడిచిన బాటా నీరు నడిచిన బాటా ఒకే మాదిరి కనిపిస్తవి. రెంటిలోనూ గడ్డి మొలవదు గనక రెండూ తెల్లగా ఉంటవి. అందుచేత కొత్తచోట బాట కనిపించగానే ‘ఇది ఎక్కడికి పోతుంది?’ అని అడిగే ముందు ‘దీన్ని ఎవరు వేశారు?’ అని అడగాలి.

నీరు వేసిన బాటకు తొందర ఎక్కువ. అది వాలు ఎటు నిటారుగా ఉంటే అటే పోతుంది. దాని మధ్య పల్లంగా ఉంటుంది, అంచులు తెగి చెట్లవేళ్ళు బయటికి వేలాడుతుంటవి. ఇసుక జల్లెడపట్టినట్టు ఒకచోట సన్నగా, ఒకచోట ముతకగా ఉంటుంది. పక్క పొదలకు పుల్లలూ, ఎండుగడ్డీ చిక్కుకుని అన్నీ దిగువవైపే చూస్తుంటవి. ఎడ్లబండి బాట అలా ఉండదు. బరువు లాగే ఎద్దు నిటారు ఎక్కలేదు. అందుచేత బండివాడు కొండను చుట్టి, మెలికలు తిప్పి, మెల్లగా ఎక్కిస్తాడు. మనకు తెలియకుండానే అతను మన సైకిలుకు మంచి బాట వేసిపెట్టాడు. కాని బండి గాళ్ళు లోతుగా పడితే మధ్యన మిట్ట లేస్తుంది. దానికి పెడలు తగిలి పడే ప్రమాదమున్నది.

గొర్రెలు, మేకలు వేసిన బాట జానెడు వెడల్పున ఉంటుంది. గొర్రెలబాట కాస్త నమ్మదగినదే, సాయంకాలానికి నీటి దగ్గరికో దొడ్డి దగ్గరికో చేరుస్తుంది. మేకల సంగతి వేరు. మేకబాట పది పాయలై, ప్రతి పాయా ఏదో ఒక పొద దగ్గర ఆగిపోతుంది! ఇక లారీలు పోయి వెడల్పయిన కొత్త మట్టిరోడ్డు కనిపిస్తే అది తరచు రాతిక్వారీకే పోతుంది. చివర గోడా గట్టూ లేని గొయ్యి ఉంటుంది. అక్కడ రాళ్ళు పేలుస్తారు కూడా. అటువంటి చోటికి వెళ్ళనే వెళ్ళవద్దు.

నీటిబాట సంగతి మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఒక చాటలో తడిమట్టి పరచి, మీద గట్టిగా అదమండి. ఒక పక్క ఎత్తి వాలుగా పెట్టండి. పుల్లతో పైనుంచి కిందికి తిన్నగా ఒక గాడి గీయండి. దాని పక్కనే ఏటవాలుగా, అడ్డంగా పోయేట్టు ఇంకొక గాడి గీయండి. ఇప్పుడు చెంబుతో నీళ్ళు మెల్లగా పైనుంచి చిలకరించండి. తిన్నని గాడిలో నీళ్ళన్నీ చేరి పరుగెత్తి, చూస్తుండగానే దాన్ని లోతుగా కోసేస్తవి. అడ్డగాడిని నీళ్ళు దాటి కిందికి పోతవి గాని దాని వెంట పరుగెత్తవు. నీటి వేగం రెండింతలయితే అది దొర్లించగల రాయి బరువు సుమారు 64 ఇంతలు అవుతుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. మన వైపు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదైనా నెమ్మదిగా పడుతుందా? సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొన్ని పూటల్లోనే కుంభవృష్టిగా కురిసిపోతుంది. అందుకే, ఏప్రిల్‌లో చూసిన బాట నవంబరులో ఉంటుందని చెప్పలేము.

కొండసైకిలు బాటలు వేసే అమెరికావారికి ఒక సూత్రమున్నది. కొండ ఎంత నిటారుగా ఉన్నదో, దాని మీద పోయే బాట అందులో సగానికి మించి నిటారుగా ఉండరాదంటారు. చాటమీద మీరు చూసింది అదే. మన బండివాడు ఏ పుస్తకమూ చదవకుండా చేసిందీ అదే.

బాట ఎంత నిటారో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చునా? తెలుసుకోవచ్చు. సర్వే ఆఫ్ ఇండియావారి పటాలున్నవి. ఈ దేశాన్ని కొలవటానికి లాంబ్టన్ అనే దొర 1802 లో మద్రాసు దగ్గర పని మొదలుపెట్టాడు. అర టన్ను బరువున్న కోణమాపక యంత్రాన్ని కూలీలచేత కొండలెక్కించి, బెంగుళూరు మీదుగా మన గుత్తిదాకా కొలుచుకుంటూ వచ్చాడు. ఆ పని పెరిగి పెరిగి ఈనాటి పటాలయినవి. వాటిలో 1:50,000 స్కేలు పటం మన పనికి సరిపోతుంది. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. కొండల చుట్టూ ఉల్లిపాయ పొరల్లాగా గోధుమరంగు గీతలుంటవి, వాటిని కాంటూరు రేఖలంటారు. ఒక రేఖనుంచి పక్క రేఖకు ఎత్తులో తేడా 20 మీటర్లు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. మీ బాట రెండు రేఖల మధ్య 4 మిల్లీమీటర్లు పోయిందనుకోండి. నేల మీద అది 200 మీటర్లు. 200 కు 20 అంటే, పదడుగులు పోతే ఒక అడుగు ఎత్తు. గేర్ల సైకిలు మీద రొప్పుతూ అయినా ఎక్కవచ్చు. అదే 2 మిల్లీమీటర్లే ఉంటే? అయిదడుగులకు ఒక అడుగు. అక్కడ దిగి నెట్టవలసిందే. ఒక మిల్లీమీటరు ఉంటే అది మేకలకు వదిలిపెట్టండి. మనుమడు చూపిన తెల్లగీతకు ఈ లెక్క కట్టమన్నాను. స్కేలు పెట్టి కొలిచి, “ఒకటిన్నర మిల్లీమీటర్లు, తాతా,” అన్నాడు, గొంతు తగ్గించి. రేఖలన్నిటినీ నిలువుగా కోసుకుంటూ పోతున్నది ఆ గీత. మనిషి వేసిన బాట రేఖల వెంబడి పక్కగా సాగుతూ ఒక్కొక్కదాన్నే దాటుతుంది.

పటం నేల సంగతి చెప్పదు. దానికి వెళ్ళి చూడాలి. నేను పెట్టిన నియమమేమిటంటే, ముందు పైకి నడక, తరవాత కిందికి సైకిలు. ఎక్కేటప్పుడు నడిచి చూడని బాటలో దిగరాదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న గరుసు ఇక్కడ వస్తుంది. గట్టినేల మీద పలచగా గరుసు ఉంటే, గచ్చు మీద రాగులు చల్లినట్టే. మడమతో గట్టిగా తొక్కి పక్కకు తిప్పండి. మడమ దిగి నిలబడితే టైరు పట్టుతుంది. సర్రున జారితే టైరూ జారుతుంది. ధర్మవరం దాటి తాడిపత్రి వైపు పోయినకొద్దీ నల్లరేగడి తగులుతుంది. ఎండలో అది రోడ్డంత గట్టి, వానపడితే పిండివంటకు కలిపిన ముద్ద! చక్రానికీ బ్రేకుకూ మధ్య మట్టి కూరుకుని సైకిలు తిరగనే తిరగదు.

ముళ్ళ సంగతి మరిచిపోకండి. సర్కారుతుమ్మ ముల్లు లావుపాటి టైరునైనా పొడుస్తుంది. నేలమీద పాకే పల్లేరును చూశారా? పసుపుపచ్చని ముద్దైన పూలు, కాయలకు ముళ్ళు. అమెరికాలో దాన్ని పంచరుతీగ అనే పిలుస్తారు. బీటి భూముల అంచులో సైకిలు ఎత్తుకు నడవండి, సిగ్గులేదు.

ఇక, మనిషిని మించిన పటం లేదు. కాపరిని అడగండి, కట్టెలమ్మే అవ్వను అడగండి. కాని అడగటం తెలియాలి. “ఈ బాట బాగుందా?” అంటే మర్యాదకు బాగుందనే అంటారు. “ఈ దావలో మీరు ఏమి తోలుకుపోతారు? ఆఖరుసారి ఎప్పుడు పోయినారు? వానొస్తే వంక ఎక్కడ పారుతుంది?” అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. వాళ్ళు కర్ర ఊపితే ఆగి, దగ్గరికి పోయి వినండి.

ఈ గుట్టల్లో ఎలుగుబంట్లున్నవి, చిరుతలున్నవి. సీతాఫలాలు పండే రోజుల్లో ఎలుగు పళ్ళకోసం, ఎప్పుడూ చెదలకోసం తిరుగుతుంది. పుట్టలు కొత్తగా తవ్వి ఉంటే, గింజలు నిండిన పేడ కనిపిస్తే, అక్కడినుంచే వెనక్కు తిరగాలి. పొద్దు వాలకముందే రోడ్డు చేరాలి. రిజర్వు అడవి హద్దురాళ్ళు కనిపిస్తే అడవిశాఖవారి అనుమతి కావాలి. కోటమెట్లూ, పాత గోడలూ, గుడి ప్రాకారాలూ సైకిళ్ళకు కావు. శనక్కాయ చేను మధ్య గట్టు మీద మీకు సరదా అయినా రైతుకు అది పంట. అన్నిటినీ మించి, పెద్దవాళ్ళెవరూ తోడులేకుండా మీరు గుట్టలెక్కవద్దు. మొదట నేర్చుకునేవారు చెరువుకట్ట మీద నేర్చుకోండి. చదునుగా ఉంటుంది, ఆ చివరినుంచి ఈ చివరికి కనిపిస్తుంది. బుక్కపట్నం చెరువుకట్టయినా, ధర్మవరం చెరువుకట్టయినా మంచిదే. మరువ దగ్గర మాత్రం దిగి నడవాలి.

మనుమడు, నేను ఆ గుట్టకు వెళ్ళాం. తెల్లగీత మొదలులో కూర్చుని వాడు చాలాసేపు నేలను చూశాడు. పెంటికలు లేవు. పుల్లలన్నీ దిగువకే చూస్తున్నవి. సైకిలు అక్కడే పెట్టి కిందికి నడిచివెళ్ళాడు. తిరిగివచ్చి, “ఎనభై అడుగుల తరవాత రెండు నిలువుల మెట్టున్నది తాతా,” అన్నాడు. వెనకవైపు పాత బండిబాట ఒకటి దొరికింది. దానికి లెక్కకడితే పన్నెండడుగులకు ఒక అడుగు. వాడు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాడు. నేను చింతచెట్టు కింద కూర్చుని చూశాను.

సాయంకాలం ధర్మవరంలో దిగి నా పాత శిష్యుడి ఇంటికి వెళ్ళాం. ఆ మణికట్టు ఇప్పటికీ కొంచెం వంకరే. మామిడిపిందెల అంచు చీర ఒకటి మగ్గం మీద ఉన్నది. మాతో మాట్లాడుతూనే నాడె విసురుతున్నాడు. విసిరినప్పుడల్లా మోచెయ్యి కాస్త పక్కకు లేస్తుంది, మిగతా నేతవారికి అలా లేవదు. మనుమడు దాన్ని చూశాడు, నావైపు చూశాడు, ఏమీ అడగలేదు.

రాత్రి రైలులో వాడు నోటుబుక్కు తీసి రాసుకున్నది ఇది: “వెనకబాట, ఎడ్లబండ్లు వేసినది. ఎక్కటానికీ దిగటానికీ మంచిది. మూడో మలుపులో గరుసు. ముందుబాట, నీరు వేసినది. వానల తరవాత నవంబరులో రెండూ మళ్ళీ నడిచి చూడాలి.”